మలావి రాణుల ముచ్చట

మంట దగ్గరకి జరగండర్రా. ఈ మంచులో అరుగు మీద కూర్చుంటే రేపు పండక్కి ముక్కులు చీదుకుంటూ తిరుగుతారు. ఒరేయ్ చిన్నాడా, ఆ తాటాకులన్నీ ఒక్కసారే వేసెయ్యకు, తెల్లారి భోగికి ఉండనీ. ఇంతకీ ఏమడిగావే నువ్వు? ఆఫ్రికాలో సింహాన్ని చూశావా అమ్మమ్మా అనా? చూశాను. జీపులోంచి చూశాను. అది పడుకునుంది, మేం వెళ్ళిపోయేదాకా లేవలేదు. సింహం కథ అంతే. చెప్పుకోవలసిన ముచ్చట వేరే ఉంది. నేను లెక్కలు చెప్పొచ్చిన మలావి దేశంలో ఆడపిల్లల నెట్‌బాల్ జట్టుని ‘క్వీన్స్’ అంటారు. ఆ రాణులు ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వెళ్ళారో చెబుతాను, వినండి.

మలావి ఎక్కడుందో రేపు అట్లాసులో చూసుకోండి. ఆఫ్రికాలో ఆగ్నేయాన, సన్నగా పొడుగ్గా ఉంటుంది. సముద్రం లేదు గాని, అవతలి ఒడ్డు కనపడనంత సరస్సుంది. తెల్లవాళ్ళున్నప్పుడు ఆ దేశాన్ని న్యాసాలాండ్ అనేవారు. 1964 జూలై 6న స్వతంత్రం వచ్చాక మలావి అయింది. అక్కడివాళ్ళు తినేది మొక్కజొన్న పిండితో చేసే న్సిమా, మన సంగటి లాంటిదే. మేమున్నది బ్లాంటైర్ పక్కన. అది స్కాట్లండులో ఓ ఊరి పేరు, ఆఫ్రికా అంతా తిరిగిన లివింగ్‌స్టన్ దొర పుట్టిన ఊరు. 1876లో వచ్చిన స్కాట్లండు పాదిరీలు ఆ పేరు పెట్టి మిషన్ కట్టారు. బడీ, ఆసుపత్రీ, చర్చీ ఎలా వచ్చాయో, ఆడపిల్లల బళ్ళలోకి నెట్‌బాలూ అలాగే వచ్చింది, తెల్ల టీచరమ్మల వెంట.

నెట్‌బాల్ అంటే ఏమిటనా? బాస్కెట్‌బాల్ తెలుసుగా. 1891లో అమెరికాలో నైస్మిత్ అనే ఆయన దాన్ని కనిపెట్టాడు. అది ఇంగ్లండు చేరాక, అక్కడి ఆడపిల్లల వ్యాయామ కాలేజీల్లో పొడుగు గౌన్లతో ఆడుకోవడానికి వీలుగా మార్చుకున్నారు. 1901లో నియమాలు అచ్చు వేశారు. జట్టుకి ఏడుగురు. బంతిని నేలకి కొట్టుకుంటూ పరిగెత్తకూడదు. చేతికొచ్చిన బంతిని 3 సెకన్లలో వదిలెయ్యాలి. ఎవరు ఏ గీత దాకా రావచ్చో ముందే నిర్ణయం, అది తెలిసేలా చొక్కా మీద అక్షరాలు. పది అడుగుల ఎత్తున రింగు, వెనకాల చెక్క ఉండదు, గురి తప్పితే చెక్కకి తగిలి లోపల పడే వీలు లేదు. రింగులో వెయ్యడానికి ఏడుగురిలో ఇద్దరికే హక్కు. పావుగంట చొప్పున నాలుగు భాగాలు, మొత్తం గంట ఆట.

ఇక్కడ ఒక్క సంగతి పట్టుకోండి. బంతి నేల మీద ఎగరక్కర్లేదు కాబట్టి చెక్క నేలా అక్కర్లేదు, సిమెంటూ అక్కర్లేదు. మట్టి చదును చేస్తే చాలు. రెండు యూకలిప్టస్ గుంజలు పాతి, కమ్మరి చేత ఇనపకడ్డీ వంచించి పైన బిగిస్తే కోర్టు తయారు. డబ్బున్న దేశంలో పుట్టిన ఆట డబ్బులేని దేశంలో ఊరూరా పాకిందంటే సగం కారణం అదే.

మీ తాతయ్యా నేనూ వెళ్ళింది 1980ల చివర్లో. అప్పట్లో ఆఫ్రికా దేశాలకి మన టీచర్లు కాంట్రాక్టు మీద బాగా వెళ్ళేవారు. ఆయన ఫిజిక్సు, నేను లెక్కలు. మాది ఆడపిల్లల హైస్కూలు. అప్పుడు ప్రెసిడెంటు బండా గారి ఏలుబడి. ఆడవాళ్ళు ప్యాంటు తొడగకూడదు, గౌను మోకాలు దాటి పైకి రాకూడదు, అది చట్టం. నేను చీర కట్టుకునేదాన్ని కాబట్టి నాకు బాధ లేదు. ఆయన ఏ ఊరు వస్తే ఆ ఊరి ఆడవాళ్ళు ఆయన బొమ్మ అచ్చేసిన చితెంజె బట్టలు కట్టుకుని, మీటింగు అయ్యేదాకా పాడుతూ ఆడుతూ ఉండాలి. నోరు విప్పి ఒక మాట అనడానికి లేదు. అలాంటి రోజుల్లో ఆడపిల్ల గట్టిగా అరిచినా, పరిగెత్తినా, ఇంకో పిల్లని ఓడించినా ఎవరూ ఏమీ అనని చోటు ఒక్కటే కనిపించేది నాకు. బడి వెనకాల మట్టి కోర్టు.

శనివారం పొద్దున్నే ఆటల టీచరమ్మ వంటశాల పొయ్యిలోని బూడిద డబ్బాలో పోసుకుని వచ్చేది. తాడు పట్టించి, దాని వెంబడే బూడిద జల్లుతూ గీతలు వేసేది. ఎర్రమట్టి మీద తెల్లటి గీత, చూడముచ్చటగా ఉండేది. గాలికి చెరిగితే మళ్ళీ వేసేది, విసుక్కునేది కాదు. పక్క బడి జట్టు లారీ వెనకాల నిలబడి పాటలు పాడుకుంటూ దిగేది. బూట్లున్న పిల్లలు తక్కువ. ఉన్నవాళ్ళు కూడా ఒక్కోసారి విప్పి గట్టున పెట్టేవారు, అవతలి జట్టంతా ఉత్త కాళ్ళతో ఉంటే తాము బూట్లతో ఆడటం బాగుండదని.

మా బడిలో గోల్ కీపరు పిల్ల ఒకతె ఉండేది. రింగులో బంతి పడకుండా అడ్డుకోవడం దాని పని. నియమం ఏమిటంటే, బంతి పట్టుకున్నదాని కాలికీ అడ్డుకునేదాని కాలికీ మధ్య 3 అడుగులు ఎడం ఉండాలి. ఈ పిల్ల సరిగ్గా 3 అడుగుల మీద ఒంటికాలితో నిలబడి, రెండో కాలు వెనక్కి తీసి, నడుము దగ్గర్నుంచి ముందుకి వాలి, చెయ్యి బంతి మీదికి చాచేది. పడిపోతుందని మేం ఊపిరి బిగబట్టేవాళ్ళం. పడేది కాదు. గురి చూసే పిల్లకి రింగు బదులు ఆ అరచెయ్యే కనిపించేది. క్లాసులో దానికి లెక్కలు అంతంత మాత్రం. కోణం గీయమంటే తల గోక్కునేది. కోర్టులో మటుకు ఏ కోణంలో వాలితే పడిపోకుండా ఉంటుందో దాని ఒంటికి తెలుసు.

చుట్టుపక్కల ఊళ్ళ అమ్మలు కూడా ఆడేవారర్రా. పిల్లల్ని వీపుకి కట్టుకుని వచ్చి, చెల్లెలికో తోటికోడలికో అప్పగించి, చితెంజె బిగించి కోర్టులో దిగేవారు. మగవాళ్ళు గట్టున కూర్చుని చూసేవారు. ఏమిట్రా నవ్వుతావు? మగవాడి ఆటకి ఆడవాళ్ళు చప్పట్లు కొట్టడం నువ్వు చూసే ఉంటావు. నలుగురు పిల్లల తల్లి ఆడుతుంటే మొగుడు గట్టున పిల్లాణ్ణి ఎత్తుకుని ఈలలు వెయ్యడం నేను అక్కడ చూశాను. అక్కడ ఫుట్‌బాల్ మగవాళ్ళది, నెట్‌బాల్ ఆడవాళ్ళది. ఆడవాళ్ళ ఆట కదా అని చులకన చేసిన మాట నా చెవిన పడలేదు.

ఆ తరవాత దేశం మారింది. 1994లో ఎన్నికలు జరిగి బండా గారు దిగిపోయారు. ప్యాంట్ల మీద నిషేధమూ పోయింది. కొత్త ప్రభుత్వం ప్రైమరీ చదువుకి ఫీజు ఎత్తేసింది. ఏడాది తిరిగేసరికి బళ్ళలో దాదాపు పది లక్షలమంది పిల్లలు పెరిగారు. గదులు చాలక చెట్ల కింద క్లాసులు పెట్టేవారు. పలకలు లేవు, టీచర్లు లేరు, అదొక పెద్ద గొడవ. చదువు నాణ్యత పడిపోయిందని నలుగురూ తిట్టారు, అందులో నిజమూ ఉంది. కానీ అంతకుముందు బడి గడప తొక్కని ఆడపిల్లలు లక్షలమంది ఆ గడప తొక్కారు, ఆ బడి పక్కన రెండు గుంజలు ఉండనే ఉన్నాయి. తరవాత ప్రపంచం చూసిన రాణుల్లో చాలామంది ఆ ఏళ్ళలో అఆలు దిద్దినవాళ్ళే.

బడి అయిపోయాక ఏమిటి అంటారా? అక్కడే అసలు కిటుకు ఉంది. మన దగ్గర ఆడపిల్ల పదో తరగతి దాటితే బంతి అటకెక్కుతుంది. అక్కడ జట్లని ఉద్యోగమిచ్చే చోట్లు పెంచాయి. పోలీసువాళ్ళ జట్టు బ్లూ ఈగల్స్, ప్రభుత్వోద్యోగుల జట్టు సివోనెట్స్, వంటనూనె పేరుతో కుకోమా డైమండ్స్. బాగా ఆడే పిల్లకి కానిస్టేబులు ఉద్యోగమో గుమాస్తా ఉద్యోగమో దొరికేది. జీతం చిన్నదే. కానీ నెల తిరిగితే చేతిలో డబ్బు పెట్టే ఆటని ఏ తండ్రీ వద్దనడు, ఏ అత్తగారూ కాదనదు.

అంతకుముందు తరంలో మహారాణి మేరీ వాయా. గోల్ వేసే స్థానంలో ఆడేది. దేశం తరఫున 200కు పైగా మ్యాచ్‌లు ఆడింది, అదీ విమానం టికెట్టుకే దిక్కులేని రోజుల నుంచి. ఆవిడ పేరు చెబితే మా బజారులో కూరగాయలమ్మే ఆవిడ కూడా తక్కెడ పక్కన పెట్టి ఓ మ్యాచ్ కథ చెప్పేది. ఆట మానేశాక కోచ్ అయింది, చిన్నపిల్లల్ని చేరదీసి నేర్పింది.

ఇక 2007. ఆ ఏడు ప్రపంచ పోటీలు ఫిజీలో జరగాలి. 2006 డిసెంబరులో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. పోటీల్ని న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌కి మార్చారు. మలావి జట్టుకి కోచ్ గ్రిఫిన్ సాయెండా. వాళ్ళు ఆరుబయట ఎండలో గరుకు సిమెంటు మీద సాధన చేసి, నేరుగా వెళ్ళి అద్దంలా మెరిసే చెక్క నేల మీద ఆడాలి. కాలు జారదూ మరి? ఆక్లండ్‌లో సాయంత్రం ఆట అంటే మాకు పొద్దున్న. స్టాఫ్ రూములో రేడియో పెట్టేవాళ్ళం. మా హెడ్‌మాస్టరు గారు గంట కొట్టించడం మరిచిపోయినట్టు నటించేవారు. 16 దేశాల్లో మలావి 5వ స్థానంలో నిలిచింది. ముందున్నవాళ్ళు ఎవరనుకున్నారు? ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జమైకా, ఇంగ్లండు. ఆట పుట్టించిన దేశం, ఆటనే పండగ చేసుకున్న దేశాలు. వాళ్ళ వెనకాలే, ప్రపంచంలో అతి పేద దేశాల్లో ఒకటి. మా లింబె బజారులో ఆ రోజు బస్సులు హారన్లు ఆపలేదు. ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ చేసే ఆ సంతోషపు కూత సాయంత్రం దాకా వినిపిస్తూనే ఉంది.

మేం ఇండియా వచ్చేశాక, 2010లో కామన్వెల్త్ ఆటలు ఢిల్లీలో అయ్యాయి కదా, మలావి జట్టూ వచ్చింది. మీ పిన్ని వాళ్ళింట్లో ఉండి త్యాగరాజ్ స్టేడియానికి వెళ్ళాను. మన దేశం కూడా ఆ ఆటలో జట్టుని దింపింది. గ్యాలరీలో నా పక్కనున్న పెద్దాయన, ‘ఇది బాస్కెట్‌బాలే కదండీ, బోర్డు పెట్టడం మరిచిపోయారా’ అన్నాడు. ఆయనకి అన్నీ చెప్పేసరికి ఒక పావు ఆట అయిపోయింది. ఆ పోటీల ఫైనల్లో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా రెండుసార్లు అదనపు సమయం ఆడాయి. చివరికి 66–64తో న్యూజిలాండ్ బంగారం పట్టుకుపోయింది. ఆ న్యూజిలాండ్‌ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఈలోగా ఉత్తరాన మ్జింబా జిల్లా పల్లెలోంచి ఒక పిల్ల వచ్చింది. మ్వాయి కుమ్వెండా. 1989లో పుట్టింది. చెప్పుల్లేని కాళ్ళతో, ప్లాస్టిక్ సంచులు చుట్టి కట్టిన బంతితో మొదలుపెట్టిన పిల్ల. గోల్ షూటరు. ఆ స్థానంలో ఆడేవాళ్ళు మామూలుగా తాడిచెట్టంత పొడుగుంటారు, రింగు కింద నిలబడి పైనుంచి పైనే బంతి అందుకుంటారు. ఈ పిల్లకి అంత పొడుగు లేదు. అందుకని ఎగరడం నేర్చుకుంది. గాలిలోకి లేచి ఒంటిచేత్తో బంతి లాక్కుని, కింద పడేలోపే రింగు ఎటుందో చూసుకుని వేసేస్తుంది. వెనక్కి వాలి పడిపోతూ వేసిన బంతులు కూడా లోపలే. తనకన్నా జానెడు పొడుగున్నవాళ్ళు అడ్డం నిలబడి అలా చూస్తూ ఉండిపోయేవారు.

2014లో న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ జట్టు టాక్టిక్స్ ఆమెని తీసుకుంది. 2015లో సిడ్నీ ప్రపంచకప్పులో మలావి 6వ స్థానమే గాని, మొత్తం పోటీలకే ఉత్తమ క్రీడాకారిణి మ్వాయి. గెలిచిన ఆస్ట్రేలియాలో కాదు, ఆరో స్థానం జట్టులో ఉందా పిల్ల. 2017లో ఆస్ట్రేలియాలో కొత్త లీగు మొదలైతే మెల్‌బోర్న్ విక్సెన్స్ పిలిచింది. కరోనా ఏడు, 2020లో, ఆ జట్టు ఫైనల్లో 66–64తో గెలిచి కప్పు ఎత్తింది. ఆమె వెనకాల తలుపు తెరిచే ఉంది. జాయిస్ మ్వులా ఇంగ్లండులో మాంచెస్టర్ థండర్‌కి వెళ్ళింది. 2022లో థండర్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా లీగు గెలిచింది. టకొండ్వా ల్వాజి వేల్స్‌కి, టొవెరా విన్‌ఖుంబో స్కాట్లండుకి వెళ్ళారు. ఆట మిషనరీలతో స్కాట్లండు నుంచి బ్లాంటైర్ వస్తే, దాన్ని ఆడి చూపించడానికి జీతమిచ్చి మలావి పిల్లని స్కాట్లండు పిలిచింది.

ఇప్పుడు 2018 ఏప్రిల్ 8. ఆస్ట్రేలియాలో గోల్డ్‌కోస్ట్, కామన్వెల్త్ ఆటలు. మలావి ఎదురుగా న్యూజిలాండ్. అప్పటిదాకా ప్రపంచకప్పుల్లో గాని కామన్వెల్త్ ఆటల్లో గాని పతకం లేకుండా ఇంటికెళ్ళడం ఎరగని జట్టు. నేను ఆ రోజు ఇక్కడే, పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. పాత విద్యార్థిని దగ్గర్నుంచి ఫోనులో మెసేజ్ వచ్చింది, ‘టీచర్, న్యూజిలాండ్‌ని కొట్టేశాం’ అని. ఆటపట్టిస్తోందనుకున్నాను. అంతలో ఇంకొకతె పంపింది, ఇంకొకతె. మలావి 57, న్యూజిలాండ్ 53. బకెట్టు అక్కడే వదిలేసి మీ తాతయ్య దగ్గరకి పరిగెత్తాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు. ఆ దెబ్బ నుంచి న్యూజిలాండ్ ఆ పోటీల్లో తేరుకోలేదు, నాలుగో స్థానంతో ఉత్త చేతులతో వెళ్ళింది.

అయితే మలావి పతకం గెలిచిందా అంటే, లేదర్రా. అంత పెద్ద జట్టుని కొట్టి కూడా సెమీస్ చేరలేదు. ఒక్క రోజు ఎవరినైనా కొట్టగలరు. రోజు విడిచి రోజు, పది రోజులపాటు అదే జోరు నిలబెట్టాలంటే బెంచీ మీద కూర్చున్న పిల్ల కూడా కోర్టులో ఉన్నదానితో సమానంగా ఉండాలి. ఆస్ట్రేలియాలో ఆడే ఒక్కతె, ఇంగ్లండులో ఆడే ఒకరిద్దరు, మిగతావాళ్ళు ఇంటిదగ్గర పోటీ లేని మ్యాచ్‌లు ఆడేవాళ్ళు, అందరూ కలిసి సాధన చేసేది పోటీలకి కాస్త ముందే. ప్రయాణానికి ముందు డబ్బు సర్దుబాటు కాలేదని, భత్యాలు అందలేదని పేపర్లో వార్తలు. రాజధాని లిలాంగ్వేలో పైకప్పున్న స్టేడియం వచ్చింది 2022లో, దానికి సాయెండా పేరు పెట్టారు. ఆక్లండ్‌లో 5వ స్థానం వచ్చిన 15 ఏళ్ళకి.

అయినా వాళ్ళు వేసిన దారి వాళ్ళకి మాత్రమే ఉపయోగపడలేదు. 2019లో లివర్‌పూల్ ప్రపంచకప్పులో మొదటి ఎనిమిది స్థానాల్లో నాలుగు ఆఫ్రికావే. దక్షిణాఫ్రికా 4, మలావి 6, ఉగాండా 7, మొదటిసారి వచ్చిన జింబాబ్వే 8. 2023లో ప్రపంచకప్పే ఆఫ్రికా గడప తొక్కింది, కేప్‌టౌన్‌లో. అందులో ఉగాండా 5, మలావి 7. అవును, మలావిని ఉగాండా దాటేసింది. నా పాత విద్యార్థినులకి ఆ మాట అంటే ఇప్పటికీ కోపం. నాకు కోపం లేదు. చిన్న దేశాలవాళ్ళు ఇక్కడిదాకా రావచ్చని చూపించినవాళ్ళని, చూసి నేర్చుకున్నవాళ్ళు దాటెయ్యడం తప్పు కాదు.

ఒక్క మాట చెప్పి లేస్తాను. ఇలాంటి కథలు చెప్పేవాళ్ళు ‘పేదరికమే వాళ్ళని గట్టిపరిచింది’ అని ముగిస్తుంటారు. నమ్మకండి. పేదరికం మ్వాయి చేత ఒక్క గోలు వేయించలేదు. అది ఎంతమంది మ్వాయిలని ఇంట్లోనే కూర్చోబెట్టిందో లెక్క తేలదు. గెలిపించింది మూడు. ఊరూరా బడి వెనకాల రెండు గుంజలు, ఆట నేర్పే టీచరమ్మ, ఆడే పిల్లకి నెల జీతం. ఆ మూడూ మన ఊళ్ళో పెట్టలేనంత ఖరీదైనవేం కావు.

మీ బళ్ళో డ్రిల్లు పీరియడ్ ఉందా? పరీక్షలొస్తున్నాయని దాన్ని లెక్కల మాస్టారు తీసుకుంటున్నారా? అయితే వెళ్ళి మీ హెడ్‌మాస్టారితో చెప్పండి. ముప్పూటలా లెక్కలు చెప్పి బతికిన మా అమ్మమ్మే చెప్పమంది, ఆ గంట ఆటదే, ముందు ఆడపిల్లలదే అని.